కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోల్

ఏప్రిల్ ఆఖరి శనివారం మా వీధిలో ఎవరూ ఇంట్లో కూర్చోరు. మంచుకాలం ఆరు నెలలూ దుప్పటి కప్పుకుని పడుకున్న పాత కార్లన్నీ ఆ ఉదయమే బయటికొస్తాయి. ఎవరి ఇంజను ముందు మోగితే వాళ్లకి మిగతావాళ్లు కాఫీ, దాల్చినచెక్క రొట్టెలు పెట్టాలి. ఏటా ఆ రొట్టెలు తినేది మా ఆయన ఎస్కిల్.

ఈసారి తొమ్మిదిన్నరకి ఎదురింటి సిక్‌స్టెన్ కారు మోగింది. ఎనిమిది నుంచీ తిప్పుతున్నా మా నీలం వోల్వో మూలగడమే తప్ప అందుకోవడం లేదు.

"ఒరేయ్ ఎస్కిల్, మీ నీలం అమ్మాయిగారికి ఇంకా తెల్లారలేదా?" కంచె అవతలినుంచి అరిచాడు సిక్‌స్టెన్.

"నీ డబ్బాలా పిలవగానే పరిగెత్తుకొచ్చే రకం కాదులే!"

నవ్వుతూనే అన్నాడు గాని, ఎస్కిల్ నుదురు చెమటతో తడిసింది. సెప్టెంబరులో అతనికి పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి సగమే తిరిగివచ్చింది. పేర్లు అప్పుడప్పుడు జారిపోతాయి.

"బ్యాటరీ పెట్టాను. ఆయిల్ చూశాను. ప్లగ్గులు తుడిచాను. పంపు మీట నొక్కాను. చోక్ లాగాను." వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. "ఏదో మర్చిపోతున్నాను బార్బ్రో. ఏంటది?"

అతనేమీ మర్చిపోలేదు. ఆ సంగతి నాకు తెలుసు.

అక్టోబరులో కారుని పడుకోబెట్టింది నేను. అతను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చెప్పాడు: పెట్రోల్ గొట్టం మీది కుళాయి కట్టెయ్, ఇంజను తనంతట తనే ఆగేదాకా వదిలెయ్, కార్బ్యురేటర్ గిన్నెలో చుక్క మిగిలినా చలికాలమంతా ఎండి జిగురైపోతుంది. షెడ్డులో చలి కొరికేస్తోంది. పొయ్యి మీద బంగాళాదుంపలున్నాయి. నేను కుళాయి జోలికి పోకుండా తాళంచెవి తిప్పి ఆపేశాను.

"దానంతటదే ఆగిందా?" అని అడిగాడు.

"ఆగింది," అన్నాను. జాడీ మూత వంకరగా ఉంటే లేచి సరిచేసి పడుకునే మనిషిని నేను; అయినా అలా అనేశాను.

సిక్‌స్టెన్ కాఫీ కప్పుతో మా వాకిట్లోకి వచ్చాడు. "నన్నో చెయ్యి వెయ్యనీ."

"వద్దు." పదకొండయ్యేదాకా ప్రయత్నించి ఎస్కిల్ స్టూలు మీద కూలబడ్డాడు. "చెయ్యే పోయిందనుకున్నా. బుర్ర కూడా పోయింది. ఫలూన్ ఊరాయన కిందటేడు కారు కొంటానని అడిగాడుగా, అమ్మేస్తా." జేబులోంచి ఫోను తీశాడు.

ఆ కారు వదిలితే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. అతను బొటనవేలితో పేర్లు పైకీ కిందికీ జరిపి, నాకేసి చూశాడు.

"ఆయన పేరేంటి?"

పేరు నాకు తెలుసు, నాలిక మీదే ఉంది.

"నేను కుళాయి కట్టలేదు," అన్నాను.

"ఏ కుళాయి?"

"అక్టోబరులో. తాళంతో ఆపేశాను. ఆగిందని నీకు అబద్ధం చెప్పాను."

సిక్‌స్టెన్ తన కప్పులోకి చూసుకుంటూ చప్పుడు కాకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఎస్కిల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"స్పానర్ పట్రా," అన్నాడు. "నువ్వే విప్పాలి."

కార్బ్యురేటర్ విప్పి చూస్తే గిన్నె అడుగున తేనెరంగు జిగురు పేరుకుని ఉంది. వార్నిష్ వాసన గుప్పుమంది. అతను చెబుతుంటే స్పిరిట్‌తో కడిగాను, పెట్రోల్ వెళ్లే చిన్న రంధ్రంలోకి సన్నటి తీగ దూర్చబోయాను.

"ఇనుపది కాదు, రాగిది! గీత పడితే ఇక అంతే."

అతను ఒక్క వివరమూ మర్చిపోలేదు. ఒక్క మాట తడబడలేదు. పన్నెండున్నరకి, నేను తాళంచెవి మూడోసారి తిప్పగానే ఇంజను దగ్గి, నల్లగా పొగ కక్కి, అందుకుంది. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు.

స్టీరింగు ముందు కూర్చున్న నా పక్కకి వచ్చి, తెరిచిన తలుపు పట్టుకుని నిలబడ్డాడు ఎస్కిల్.

"మూడు గంటలు, బార్బ్రో," అన్నాడు. "మూడు గంటలు నా పని అయిపోయిందనుకున్నాను. నువ్వు ఇక్కడే నిలబడి చూశావు."

"చూశాను."

చోక్ కొంచెం లోపలికి నెట్టమని సైగ చేశాడు. నెట్టాను.