రెండు ఇంటిపేర్లతో పిలిస్తే

స్పెయిన్‌లోని కాదిస్ నగరంలో లా వీన్యా పేట తల్లులు పిల్లల్ని మామూలుగా ముద్దుపేర్లతో పిలుస్తారు. కోపమొస్తే మాత్రం బాల్కనీలోకి వచ్చి, తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ చేర్చి పూర్తి పేరుతో పిలుస్తారు. అప్పుడు ఆ మనిషి ఊళ్లో ఎక్కడున్నా కాళ్లు పిలిచినవాళ్ల వైపు తిరుగుతాయి. కోపం నిజమైనదై ఉండాలి. ఉత్తుత్తి కోపానికి కాళ్లు కదలవు.

విసితాసియోన్ కోపం ఎప్పుడూ నిజమైనదే. కొడుకు సెర్వాండోకి నలభై దాటాయి, సిటీ బస్సు నడుపుతాడు. ఒక మధ్యాహ్నం బస్సు రేవు దగ్గరుండగా పిలుపు వినిపించింది.

"సెర్వాండో హెసూస్ బరియెంతోస్ కిన్యోనెస్!"

బస్సు పేటవైపు మళ్లింది.

"ఇవాళేం చేశావయ్యా?" అని ముందు సీటు ముసలావిడ అడిగింది.

"పప్పు తినకుండా వచ్చానండీ."

"తప్పు నీదే. నన్ను చేపల బజారు దగ్గర దింపెయ్, ఎలాగూ దారే."

అతను పెళ్లాడబోయే నియెవెస్ మందుల షాపులో పనిచేస్తుంది. తల్లి పిలుపుకి సెర్వాండో సినిమా మధ్యలో లేచి వెళ్లిపోయినా పల్లెత్తు మాట అనదు.

"నీకసలు కోపం రాదా?" అని విసితాసియోన్ మొహం మీదే అడిగింది.

"ఇంతవరకూ అవసరం పడలేదండీ."

"కోపం రానిది కాపురమేం చేస్తుంది? ఈ పెళ్లికి నేను రాను, వాణ్ణీ ఉండనివ్వను."

అన్నంత పనీ చేసింది. పెళ్లిరోజున ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టగానే ఇళ్ల కప్పుల మీదుగా పూర్తి పేరు వచ్చి చర్చిలో పడింది. సెర్వాండో కొత్త బూట్లు నేలమీద జారుతూ గుమ్మంవైపు సాగాయి.

"రెండు నిమిషాలు ఆగలేవా నాయనా?" అన్నాడు ఫాదర్.

"నేను ఆగుతాను ఫాదర్. కాళ్లే ఆగట్లేదు."

నియెవెస్ అతని వెనకే గుమ్మందాకా వచ్చింది. "ఈ మెట్లు దిగావంటే మళ్లీ నాకోసం రాకు," అంది. సెర్వాండో రెండు చేతులతో తలుపు పట్టుకు వేలాడాడు. అది చూశాక ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మీ అమ్మ పూర్తి పేరు చెప్పు."

చెప్పాడు. నియెవెస్ మేలిముసుగు వెనక్కి తోసి మెట్ల మీద నిలబడింది.

"విసితాసియోన్ దె లోస్ ఆంహెలెస్ కిన్యోనెస్ లాస్త్రా!"

వీధిలో బేరాలు ఆగిపోయాయి. విసితాసియోన్ తల్లి పోయాక ఆమెనలా పిలిచినవాళ్లు లేరు. కాసేపటికి ఆమె సందు మలుపులో కనిపించింది. కాళ్లకి ఇంట్లో వేసుకునే చెప్పులు, నడుముకి ఆప్రాన్, చేతులకి పిండి. "వస్తున్నానమ్మా, వస్తున్నా," అని గొణుక్కుంటూ గబగబా నడిచి పెళ్లికూతురి ఎదుటికొచ్చి ఆగింది. పిలిచిన తల్లి అక్కడే ఉంది కనక సెర్వాండో కాళ్లూ అక్కడే ఆగాయి.

"ఎంత గొంతే నీది," అంది విసితాసియోన్.

"వెళ్లి ముందు వరసలో కూర్చోండి."

కూర్చుంది. ఫాదర్ ప్రార్థన మళ్లీ మొదట్నించీ ఎత్తుకున్నాడు. ఇన్నేళ్లకి తననీ కేకలేసే మనిషి ఒకరు దొరికినందుకు విసితాసియోన్ పక్కావిడ చేతిరుమాలు లాక్కుని హాయిగా ఏడ్చింది.