ఇరవై ఆరో కిలో

రాజాం మిల్లుల్లో బియ్యం సంచి పాతిక కిలోల నుంచి ఇరవై ఆరుకు ఎందుకు పెరిగిందో విశాలికి తెలుసు. లేబులు వేసిన సంచి పాతిక కిలోలు దాటితే జీఎస్టీ పడదు. ఆ ముక్క మిల్లు యజమాని నోటంట వినడమే మిగిలింది. పన్ను వ్యాపారి నిర్ణయాన్ని ఎలా మారుస్తుందన్నది ఆమె పీహెచ్‌డీ. పద్దెనిమిది మిల్లులు తిరిగింది. అందరూ కూడబలుక్కున్నట్టు కొనేవాళ్లే అడిగారన్నారు. ఆ మాట మీద అధ్యాయం నిలబడదని గైడు తేల్చేశాడు.

పందొమ్మిదోది అప్పలసూరి మిల్లు. ఆయన చేతులకంటిన తవుడు దులుపుకుని ఆమె కాగితాల కేసి చూశాడు.

"టేక్సోళ్లు పంపితే వచ్చావేటి, పాపా?"

"కాలేజీ నుంచి మావయ్యా. మీ పేరు ఎక్కడా రాయను."

"పేరు రాయకపోతే మరి నాకేటి గొప్ప? కొనీవోళ్లు అడిగారు, పెంచాం. రాసుకో."

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న ఆయన భార్య నారాయణమ్మ తలెత్తలేదు. "ఎవులడిగారు? ఒక్కలి పేరు సెప్పు, సూద్దుం."

"నువ్వూరుకో."

విశాలి కాగితాలు సంచిలో పెట్టేసింది. లేవబోతూ ఊరికే అడిగినట్టు అడిగింది. "రేపు పన్ను ఎత్తేశారనుకోండి మావయ్యా, మళ్లీ పాతికకి దిగిపోతారా?"

"ఎలా దిగుతాను పాపా? పన్ను తప్పుతాదనే ఓ కిలో ఎక్కించాను. ఇప్పుడు తీసీసాననుకో, సూరిగాడు కిలో నొక్కీసినాడని సంతంతా సాటీరూ? జనానికి అలవాటైపోనాది. పన్ను పోయినా ఆ కిలో పోదు."

అని, ఏమన్నాడో తనకే వినబడినట్టు ఆగాడు.

"సెప్పీసినావు," అంది నారాయణమ్మ.

విశాలి కలం తీయలేదు. "రాసుకోమంటారా?"

అప్పలసూరి కాసేపు మెడ గోక్కున్నాడు. "తప్పేటుంది? రూలు పెట్టినోడు పాతికన్నాడు, నాను ఇరవై ఆరు కుట్టాను. రాసుకో. దిగననీ రాయి."

రాసుకుంది. ఇన్నాళ్లూ బరువు ఎందుకు పెంచారనే అడిగింది కానీ, తగ్గిస్తారా అని ఎవరినీ అడగలేదు. పద్దెనిమిది మిల్లులూ మళ్లీ మొదటి నుంచి తిరగాలి. అయినా ఆమెకు హాయిగానే ఉంది. ఎదురు మిల్లు నుంచే మొదలెడదామని లేచింది.

"వోళ్లెక్కడికీ పోరు గానీ, అన్నం తినీసి ఎల్లు," అంది నారాయణమ్మ.

విశాలి చెప్పులు విప్పింది.