పొడుగు కాడ మీది తెల్ల పువ్వు

అమీర్‌పేట ఆడపిల్లల బడిలో కాంతవ్వ పొద్దున్నే గదులు ఊడ్చేది, కుండల్లో నీళ్లు నింపేది. సిద్దిపేటలో మగ్గం నేసే ఇంట్లో పుట్టింది. భర్త పోయాక పంజాగుట్ట బండల పక్కన గుడిసె వేసుకుని పన్నెండేళ్లుగా ఒక్కతే ఉంటోంది. అక్షరం ముక్క రాదు.

ఆ బండల్లో నీరు ఊరే చోట, గులక నేలలో, రూపాయి బిళ్లంత ఎర్ర మొక్కలు మొలిచేవి. ఆకుల మీది ప్రతి నూగు కొసనా ఒక జిగురు బొట్టు మెరిసేది. తేనె అనుకుని దోమ వాలితే అంటుకుపోయేది. నూగు వంగి, ఆకు ముడుచుకుని దాన్ని మెల్లగా కరిగించుకునేది. వానలు వెనకబట్టాక ఆ మొక్కలు తడి వెతుక్కుంటూ వేర్ల మీద నడిచి వెళ్లేవి. ఎడ్లబండ్లవాళ్లు జర ఆగి దారి ఇచ్చేవాళ్లు.

1939 కార్తీకంలో బడికి తనిఖీ వస్తోందని తెలిసింది. పాఠం నచ్చకపోతే సైన్సు క్లాసు ఎత్తేస్తారు. సైన్సు చెప్పే రుద్రమ్మకు నిద్ర కరువైంది.

"కాంతవ్వా, మీ బండల కాడి పురుగులు తినే మొక్కను తేగలవా?"

"తెచ్చుడెందుకు పంతులమ్మా, రమ్మని చెప్త," అంది కాంతవ్వ.

మూడో రోజు పొద్దున మొక్క బడి గడప దగ్గర నిలబడి ఉంది. రుద్రమ్మ సంబరపడి దాన్ని ఎరువు కలిపిన నల్లమట్టి కుండీలో నాటింది. మర్నాటికి బొట్లన్నీ ఎండిపోయాయి. మొక్క కుండీ దిగి, నీళ్ల గోలెం కింద గులకరాళ్లలో కూర్చుంది.

"బలమైన మన్ను దానికి పడదు పంతులమ్మా," అంది కాంతవ్వ. "అది ఉండే నేలల తిండి లేదు. అందుకే పురుగును పట్టుడు నేర్చుకున్నది. గులక ఇసుక, వాన నీళ్లు, మస్తు ఎండ. గంతే."

అలాగే చేశారు. వారం తిరిగేసరికి మొక్క తేరుకుని, జానెడు కాడ లేపి, కొసన తెల్ల పువ్వు పూసింది.

తనిఖీ రోజు రుద్రమ్మ పాఠం బాగానే చెప్పింది. పిల్లలు బల్ల చుట్టూ మూగి, ఒక చీమ చుట్టూ ఆకు ముడుచుకోవడం చూశారు. అంతలో తనిఖీ అధికారి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పురుగుల్ని తింటది, సరే. తేనెటీగ రాకుంటే గింజ కట్టదు కదా. వచ్చిన తేనెటీగను సుత మింగితే దీని సంతతి ఎట్ల నిలుస్తది?"

రుద్రమ్మ చదివిన పుస్తకంలో అది లేదు.

మొక్క బల్ల దిగింది. బెంచీల మధ్యగా నడిచింది. అధికారి తన బూటు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. అది వెళ్లి, తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ కాంతవ్వ పాదాల ముందు ఆగింది.

"నీకు తెలుసా అమ్మా?" అన్నాడాయన.

కాంతవ్వ చీపురు గోడకు ఆనించింది.

"జర చూడుండ్రి దొరా. ఆకులేమో నేలకు అంటుకొని ఉన్నయి. పువ్వును మాత్రం గంత పొడుగు కాడ మీద పెట్టుకున్నది. కింద పాకే చీమ, వాలే దోమ దానికి బువ్వ. పైనుంచి వచ్చే తేనెటీగ దానికి చుట్టం. బువ్వకో దారి, చుట్టానికో దారి. తిప్పలు పడి గిట్ల బతక నేర్చింది."

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తరు దొరా? పన్నెండేండ్ల సంది నేనే చూస్తున్న."

ఆయన చాలాసేపు రాసుకున్నాడు. సైన్సు క్లాసు నిలిచింది. ఆయన మాట మీద బడి పెద్దలు ఇంకో సంగతి కూడా ఒప్పుకున్నారు.

ఆ శనివారం గోడకు కొత్త కాగితం అంటించారు. భూలక్ష్మి అనే ఆరో క్లాసు పిల్ల దాన్ని పైకి చదివింది: "శనివారం, మొక్కల పాఠం, కాంతవ్వ పంతులమ్మ."

"ఇంకోపారి చదువు బిడ్డా."

భూలక్ష్మి మళ్లీ చదివింది. కాంతవ్వ వేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టింది. "ఇగో, గిది నీ పేరే."

కాంతవ్వ కొంగు సర్దుకుని గదిలోకి అడుగుపెట్టింది. నలభై మంది ఆడపిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎవరొచ్చారా అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

కాంతవ్వ నడుం నిటారు చేసుకుని, "కూసోండ్రి," అంది.