పేరంటాలు గొంతు నా నోట్లో

నేను ఒక వరద హెచ్చరిక యంత్రాన్ని. గోదావరి మధ్యనున్న ఒక లంక ఊళ్లో, రేవు దగ్గర ఇనుప స్తంభానికి వేలాడుతుంటాను. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో కిందికి చూసి కొలవడం, ప్రమాదమైతే అరవడం నా ఉద్యోగం. కాకినాడ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు నాకు బుర్ర పెట్టారు. ఊళ్లో మైకుసెట్టు అద్దెకిచ్చే అబ్బులు నోరు పెట్టాడు. ఎంత ఎత్తుకొస్తే ఊరు మునుగుతుందో జాలర్లు గుర్తు గీశారు. ఇంతమంది చేతులు కలిస్తే తగువు రాకుండా ఉంటుందా? స్తంభం ఎక్కడ పాతాలన్నదానికే వారం కొట్టుకున్నారు.

నిలబెట్టిన రోజున కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఆ మర్యాదకు పొంగిపోయాను. దండ కాస్తా జారి నా కన్ను కింద వేలాడింది. వరద ముక్కు దాకా వచ్చేసిందనుకుని సైరన్ ఎత్తుకున్నాను. ఊరు ఊరంతా మేకలతో, మూటలతో ఏటిగట్టుకు పరుగెత్తింది. తీరా చూస్తే ఏట్లో మోకాలి లోతు నీళ్లు! ఆ తర్వాత నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ తల తిప్పలేదు.

మళ్లీ అందరూ నా కిందే కూర్చుని తగువులాడి, చివరికి తేల్చారు. దండ వేస్తే స్తంభానికే వేయాలి. అరుపు మాత్రం చేపలమ్మే పేరంటాలుది కావాలి. ఆవిడ కేకేస్తే అవతలి ఒడ్డున కుక్కలు కూడా లేస్తాయి మరి. అబ్బులు ఆ గొంతు నాలో నింపాడు.

"ఏరొచ్చేత్తంది, లెగండి! పొయ్యి మీదేదుంటే అది వదిలేసి పడవెక్కండి!"

ఆగస్టులో నిజంగానే వరద వచ్చింది. మిట్టమధ్యాహ్నం నేను అరవగానే ఊరు మారుమాట్లాడకుండా పడవలెక్కింది, ఒక్క పేరంటాలు తప్ప. ఆవిడ పొయ్యి మీద పులస పులుసు ఉడుకుతోంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, ఈవిడ ప్రాణమే అమ్మేట్టుంది. నీళ్లు వాకిట్లోకి వచ్చేశాయి. నాకు నిజంగా భయమేసింది. లాక్కురావడానికి చేతులా, కాళ్లా? ఆవిడ మాటలే ఆవిడ మీద అరుస్తూ ఉన్నాను. ఆఖరికి "నీ నోరు పడిపోను" అని నన్ను తిట్టుకుంటూ, పులుసు దాక అక్కడే వదిలి, నడుంలోతు నీళ్లలో నడిచొచ్చింది. అబ్బులు చెయ్యి పట్టి పడవలోకి లాగాడు. వాళ్లు మలుపు తిరగకముందే ఆవిడ పాక కూలింది.

వరద తీశాక కాలేజీ పిల్లలు వచ్చి, గొంతు ఇంకా స్పష్టంగా నింపుదాం, మరోసారి కేకేయమన్నారు. పేరంటాలు పాక ఉన్న చోటి బురద వైపు చూసింది. నోరు తెరిచింది. కేక రాలేదు.

"పాతదే ఉంచండి బాబూ," అంది. "దానికింకా భయం తెలీదు. అందుకే అంత గట్టిగా అరుత్తాది."

నాకూ భయం తెలుసని చెప్పాలనుకున్నాను. కానీ నాలో ఉన్నవి ఆవిడ మాటలే.