ఎలుగు పేరు

"పాటలో ఆ మాట దగ్గిర గొంతు బాగా ఎత్తాల. రెండు కన్నీటిబొట్లు కూడా రాల్చీసినావంటే మరీ మంచిది," అన్నాడు సోంబరు, గడపమీద కూర్చుని చుట్ట ముట్టించుకుంటూ.

సుక్రి రోట్లో సామలు దంచుతూంది. ఎడమ భుజం పైకి లేవదు గనుక కుడిచేత్తోనే రోకలెత్తి, దానితోపాటు తనూ కొంచెం ఒరిగి దంపు వేస్తుంది. ఆ మాట ఏదో ఆమెకు తెలుసు. మధ్యాహ్నం చైత్రపండుగ ధింసా ఆట. చుట్టుపక్కల గూడేలన్నీ కదిలి వస్తాయి. ఎలుగుబంటిని చంపిన సోంబరుమీద కట్టిన పాటను ఈసారి సోంబరు పెళ్లామే ముందుండి ఎత్తాలని పెద్దలు తీర్మానించారు. ఆ పాటలో ఆలి చెట్టుచాటున నిలబడి ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి చివరకు, "నా పానం నిలిపిన దొరా" అని మొగుడి కాళ్లమీద పడుతుంది.

"ఆ మాట నాను అనను," అంది సుక్రి, దంపు ఆపకుండానే.

అతను లేచిన అలికిడి ఆమెకు వినపడలేదు. రోకలి తన చేతిలోంచి ఊడిపోవడం మాత్రం తెలిసింది. మరుక్షణం అదే రోకలి మొన నోటిమీద పడింది. నాలుకకు గట్టిగా తగిలినదాన్ని అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. పన్ను. రోట్లో సామలమీద నెత్తురు చుక్కలు పడ్డాయి. ఆ తడిసిన గింజలు ఏరి పారేయకపోతే మిగతావి కూడా పాడవుతాయని తనకు ముందుగా తోచినందుకు ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.

"ఒక్క మాట తప్పినావా, రెండో బుజం కూడా లేవదు. బేగి దంచు."

"ఏటయినాదిరా?" లోపలినుంచి సోంబరు తల్లి అచ్చియమ్మ అడిగింది.

"ఏటీ లేదమ్మా. ఎలుగొచ్చినాది," అన్నాడు సోంబరు. తల్లీ కొడుకూ కలిసి నవ్వారు.

ఏడాదిగా ఆ మాటకు గూడెమంతా నవ్వుతూనే ఉంది. కిందటి ఏడు ఇప్పపువ్వు రాలే రోజుల్లో, టైడా వైపు దిగే వాలులో మొగుడూ పెళ్లాలు పువ్వేరుతుండగా ఎలుగుబంటి వాళ్లమీదికి వచ్చింది. సోంబరు చెట్టెక్కాడు. ఎక్కుతూండగా అతని పంచె కొస దాని పంజాకు చిక్కింది. అది వెనక్కాళ్లమీద లేచి అతణ్ణి కిందికి లాగుతూంది. గొడ్డలి సుక్రి చేతిలో ఉంది. లాగనీ, అనిపించింది ఆమెకు. ఆ ఆలోచన మెరుపులా వచ్చి పోయిన మాట నిజం. దాన్ని ఆమె ఎన్నడూ తననుంచి దాచుకోలేదు. కాని అంతలోనే అతను పైనుంచి "గుంటా!" అని అరిచాడు. నీళ్లకు ఎలా అరుస్తాడో అలాగే. చెంబు అందుకున్నంత అలవాటుగా ఆమె చెయ్యి లేచింది. మొదటి వేటు వీపుమీద పడింది. అది ఇటు తిరిగి ఆమె భుజం కండ ఊడబెరికింది. రెండో వేటు ముట్టెమీద, మూడోది మెడమీద పడ్డాయి. గొడ్డలి ఎముకలో దిగబడి రాకపోతే కాలు తన్నిపెట్టి పీకి మళ్లీ వేసింది. అది తనమీదే కూలి చచ్చింది. అప్పుడు సోంబరు దిగి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి గొడ్డలి తీసుకుని, ఆ కళేబరాన్ని కసిగా నరికాడు. కేకలు విని పరుగెత్తుకొచ్చిన జనం చూసింది ఆ వేట్లనే. ఒంటిమీద గీత లేనివాడు వీరుడయ్యాడు. ఒళ్లంతా చీలిపోయింది గనుక ఆమె ఆ వీరుడు కాపాడిన ఆడదయింది.

పాట కట్టింది బడి మేష్టారు సువార్తరావు. మైదానంనుంచి వచ్చినవాడు, చెడ్డవాడు కాదు. ఆమెను ఒంటరిగా అడిగి మరీ నిజం తెలుసుకున్నాడు. తెలుసుకుని నిట్టూర్చాడు. "నువ్వు అబద్ధమాడుతున్నావని నేననను తల్లీ. కాని పాటకు ఒక వీరుడు కావాలి. మొగుడు చెట్టుమీద, పెళ్లాం నేలమీద అని పాడితే జనం నవ్వుతారు. జనం నవ్వితే వీరగాథ నిలబడదు."

తర్వాత తర్వాత సుక్రికి మేష్టారిమీద కోపం కూడా తగ్గింది. తాను చేసింది నిజంగా వీరత్వమేనా అన్నది ఆమెకే తేలలేదు. మొగుడు పిలిస్తే వంగి కట్టెలు నరికినట్టే ఎలుగునూ నరికింది. అతణ్ణి బతికించడం కూడా ఇంటిపనే అయిపోయింది. ఇంటిపనికి ఎవరు పాట కడతారు? ఆమెను రాత్రీ పగలూ తొలిచిన ప్రశ్న వేరు. అంత మృగంమీద లేచిన చెయ్యి, అది చచ్చిన పదిరోజులకే సోంబరు జుట్టు పట్టి గోడకు కొట్టినప్పుడు ఎందుకు లేవలేదు? ఆసుపత్రి నర్సమ్మ చీలిన కనుబొమ్మకు కుట్లు వేస్తూ, "ఇది కూడా ఎలుగేనా?" అని అడిగితే, అవునని తానే ఎందుకు తలూపింది? ఆ తల ఊపడమే గూడేనికి ఒక మాటనిచ్చింది. ఊటదగ్గర బిందె దించుతూ ఏ ఆడదాని చేతిమీద వాత కనిపించినా, "ఏటే, మీ ఇంటికీ ఎలుగొచ్చినాదా?" అని పరాచికాలు. అందరికీ తెలుసు. అందరూ నవ్వేవారు. చచ్చిన జంతువు ఒకటి గూడెంలోని మొగుళ్లందరినీ కాపాడుతూంది.

మధ్యాహ్నం సుక్రి వాచిన పెదవితో వరసలో నిలబడింది. కుడిపక్కన అత్త. ఆడవాళ్లందరూ ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పోనిచ్చి మెలిక వేశారు. ఎదురుగా కొత్త తలపాగాతో సోంబరు, అతని చేతిలో వెదురుకర్ర. పక్కన కుర్చీలో మేష్టారు.

"ఓర్సుకో గుంటా," అంది అచ్చియమ్మ చెవిలో. "ఒక్క పాటే గదేటి. ఆడదాని నోరు ఎంతసేపు నొప్పెడతాదని?"

అడవిలో ఆ రోజు సుక్రికి భయపడటానికి వ్యవధి లేకపోయింది. ఈవేళ తెల్లారినప్పటినుంచీ ఉన్నదంతా వ్యవధే. ఏది పాడితే ఇంటికెళ్లాక ఏమవుతుందో, ఏ ఎముక విరుగుతుందో ఆమెకు స్పష్టంగా కనిపిస్తూంది. అయినా మెలిక విప్పుకుని పోలేదు.

డప్పు మోగింది. అడుగు పడింది.

"ఎలుగొచ్చెనో, కొండ ఎలుగొచ్చెనో!"

వరస అందుకుంది. ముందున్న మనిషి ఏది ఎత్తితే వరస అదే పాడాలి. మధ్యలో ఆపితే పండక్కి కీడు.

"సెట్టుమీదన మొగుడు ఏడ్చెనో!"

అడుగుల ఊపులో మాట మారినట్టు తెలిసేలోగానే ఇరవైమంది నోళ్లు దాన్ని తిరిగి పాడేశాయి. పొరుగు గూడెంవాళ్లు గొల్లున నవ్వారు. మేష్టారు తల దించుకున్నాడు. సోంబరు రెండంగల్లో వచ్చి కర్రెత్తి వేటు వేశాడు. అది ఆమె మెడకూ భుజానికీ మధ్య పడింది. మోకాళ్లు కుంగాయి గాని, రెండువైపులా మెలివేసిన చేతులు ఆమెను కింద పడనివ్వలేదు. రెండో దెబ్బ చెవిమీద పడింది. నెత్తురు వెచ్చగా కారింది. 

"సచ్చిన ఎలుగు అడివినున్నాదో, బతికిన ఎలుగు ఇంటనున్నాదో!"

ఈసారి నవ్వు లేదు. వరస పాడింది, నెమ్మదిగా, మాట మాట తెలిసి.

"ఇంటి ఎలుగు పేరేటో?"

"పేరేటో?" అంది వరస.

మొగుడి పేరు నోట పలికితే వాడి ఆయుష్షు తరుగుతుందని ఆ గూడెంలో ప్రతి ఆడదీ నమ్ముతుంది. కాపురానికి వచ్చిననాటినుంచి సుక్రి ఆ పేరు ఒంటరిగా ఉన్నప్పుడైనా అనుకోలేదు. నోట్లో నిండిన నెత్తురు ఉమ్మేసింది.

"ఇంటి ఎలుగు పేరు సోంబరు!"

డప్పు ఆగిపోయింది. పాదాలు ఆగలేదు. వరస మాత్రం మూగబోయింది. ఆ పేరు తిరిగి పాడటానికి ఎవరికీ నోరు రాలేదు. సోంబరు కర్రను రెండు చేతులా నెత్తిమీదికెత్తాడు. తన నడుముచుట్టూ ఉన్న అత్త చెయ్యి సడలుతున్నట్టు సుక్రికి తోచింది. కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి సడలి, కొత్త పట్టు చూసుకుని, ఎముకలు నొక్కుకునేంతగా బిగిసింది.

"ఎయ్యరా," అంది అచ్చియమ్మ కొడుకుతో. "మీ అయ్యా ఇలాగే ఎత్తీవోడు."

తర్వాత ఆ ముసలిగొంతు, శ్రుతి తప్పి, వరసకంటే పైకి లేచింది.

"నా ఇంటి ఎలుగు పేరు భీముడు!"

చనిపోయిన తండ్రి పేరు తల్లి నోట సోంబరు వినడం అదే మొదలు. కర్ర గాలిలోనే నిలిచిపోయింది. అచ్చియమ్మకు అవతల చెయ్యి మెలిక వేసుకున్న మనిషి తన వంతుకు గొంతు సవరించుకుంది.