గుమ్మం దగ్గర సబ్బమ్మ

"ఆగండాగండి! ఆ చేతులతో ఎక్కడికి?"

పసికందుల వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయా అప్పటికే ముగ్గురితో గొడవ పెట్టుకుంది. పొట్టి మనిషి. మోచేతుల దాకా చర్మం పాలిపోయి, వేళ్ళ సందులు పగిలి ఉంటాయి. వార్డుకు తడిగుడ్డ పెట్టడం, లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళచేతా సబ్బుతో చేతులు కడిగించడం ఆమె పని. పెద్ద డాక్టరుగారు కూడా ఆమెను చూడగానే నోరెత్తకుండా చొక్కా చేతులు మడుస్తారు. వెనకాల అందరూ సబ్బమ్మ అంటారు. ఎదురుగా అనే గుండెలు మాత్రం ఎవరికీ లేవు.

ఆ ఉదయం ఒక ముసలమ్మ రెండు బస్సులు మారి, దుమ్ముకొట్టుకుపోయి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు లోపల ఉంది. పిల్ల దక్కుతుందో లేదో డాక్టర్లకే తెలియదు.

"నా కూతురి బిడ్డ. నేను ముట్టుకుంటే దానికేమవుతుంది?"

"కడుక్కుని ముట్టుకో. ఏమీ కాదు."

ముసలమ్మ పక్కనుంచి దూరబోయింది. సబ్బమ్మ తలుపు మూసేసి వీపు ఆనించింది. ముసలమ్మకు ఒళ్ళు మండింది.

"కడుపుతీపి అంటే నీకేం తెలుసే, గొడ్రాలా!"

సబ్బమ్మ మొహం పక్కకు తిప్పి కొంతసేపు దగ్గింది.

"ఇద్దర్ని కన్నాను. మా అత్త వెన్నలాంటి మనిషి. పశువుల దగ్గర పని చేస్తూ పరిగెత్తుకొచ్చి, ఆ చేతులతోనే బొడ్డు కోసింది. ఇద్దరికీ వారం తిరక్కుండా దవడలు బిగుసుకుపోయాయి. అప్పట్లో మాకెవరికీ తెలీదు. ప్రేమ లేక పోలేదు పెద్దమ్మా, సబ్బు లేక పోయారు."

ముసలమ్మ కుళాయి దగ్గరకు వెళ్ళి గోళ్ళ సందులు కూడా రుద్దుకుంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ముసలమ్మ కూతురు బిడ్డను గుండెలకు కట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"కాస్త బరువు పెరిగిందట ఆయమ్మా. ఒక్కసారి ఎత్తుకో."

సబ్బమ్మ ఆశగా చేతులు చాపింది. మళ్ళీ దగ్గొచ్చింది. చాపిన చేతులు లాక్కుని గోడదాకా వెనక్కి జరిగింది.

"దగ్గుకి మొహమాటం ఉండదమ్మా. దూరంగా తీసుకుపో."

ఎన్నాళ్ళనుంచో వాయిదా వేస్తున్న పని అప్పుడు చేసింది. వెళ్ళి డాక్టరుకు ఛాతీ చూపించుకుంది. ఆయన ఆవరణ చివరనున్న క్షయ వార్డుకు పొమ్మన్నాడు. "నా గుమ్మం ఎవరు చూస్తారు?" అని ఆయనమీదే ఎగిరింది. తర్వాత ఆయాసపడుతూ నడిచి వెళ్ళింది. నెల తిరక్కుండా అక్కడే పోయింది.

ఆ సాయంత్రం పసిపిల్ల తండ్రి ఆ కబురు చెబుతూ గబగబా వార్డులోకి రాబోయాడు. ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూనే గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అల్లుడుగారైతే నాకేంటి? ముందు చేతులు కడుక్కోండి!"

అతను వెళ్ళి కుళాయి తిప్పాడు. దాని పైన మేకుకి, చివరిసారి చేతులు రుద్దుకునేముందు సబ్బమ్మ తీసి తగిలించిన రెండు గాజులు అలాగే వేలాడుతున్నాయి.