వరమ్మ ముందుకొచ్చిన కచేరీ

పెన్నాగట్టు బ్యాండును జమ్మలమడుగు యేసుబాబు, ప్రొద్దుటూరు కమాల్ బాషా కుర్రతనంలో మొదలుపెట్టారు. చర్చిలో నేర్చిన గిటారుకు సేద్యం పాటలూ, పీర్ల పండగ దరువులూ కలిపి వాయించేవాళ్లు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్ల క్యాసెట్ మోగని బస్సు లేదు. తర్వాత యేసుబాబు బడిపంతులయ్యాడు, బాషా కువైట్ పోయి వచ్చాడు. ఇద్దరికీ అరవై దాటాక మళ్లీ ఒక ఆల్బం చేశారు.

పాటలన్నీ యేసుబాబే పాడాడు, ఒక్కటి తప్ప. అది వరమ్మ పాడింది. గండికోట జలాశయం నీళ్లలో ఊరు మునిగి, కొండాపురం దగ్గర పునరావాస కాలనీకి చేరిన మనిషి ఆమె. బ్యాండులో మొదటినుంచీ వంత పాడేది.

ఆల్బం వచ్చిన కొద్దిరోజులకు, హైదరాబాదు నుంచి వచ్చే ఒక సంగీత పత్రికలో మసరత్ అనే విమర్శకురాలు సమీక్ష రాసింది. బాషా కూతురు అఫ్సానా దాన్ని ఇద్దరికీ చదివి వినిపించింది. బాషా డప్పు దరువులో వయసు తెలియడం లేదని మెచ్చుకుంది మసరత్. యేసుబాబు గొంతు మాత్రం పాత పేరు మీద నడుస్తోందని, పై స్థాయికి పోతే అలిసిపోతోందని రాసింది. వరమ్మ పాట గురించి, “ఇన్నేళ్లూ ఈ గొంతును వెనక ఎందుకు నిలబెట్టారు?” అని అడిగింది.

యేసుబాబు లేచి వెళ్లిపోయాడు. పులివెందులలో ఒప్పుకున్న కచేరీకి పోనని భార్య గ్రేస్‌తో చెప్పాడు. ఆమె వాదించలేదు. మర్నాడు వంట చేసుకుంటూ ఆల్బం పెట్టుకుంది. పై స్వరం దగ్గర తన ఊపిరి తెగడం యేసుబాబుకు స్పష్టంగా వినబడింది. రికార్డింగునాడే ఆ సంగతి తెలుసు, ఎవరూ పట్టుకోరనుకున్నాడు. వరమ్మ పాట మొదలవగానే గ్రేస్ పొయ్యి తగ్గించి, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వరమ్మ ఇంటికి పోయాడు. సమీక్ష సంగతి ఆమెకూ చేరింది. కోపంగా వచ్చాడేమోనని బెరుకుగానే కుర్చీ వేసింది.

“పులివెందల్లో నువ్వే పాడల్ల వరమ్మా. నేను గిటారు వాయిస్తా,” అన్నాడు యేసుబాబు.

“ఆయమ్మ రాసిందనా?”

“ఔ. శానా కోపమొచ్చింది నాకు. మళ్లా పాట ఇంటే, నిజమే రాసిందనిపిచ్చె.”

వరమ్మ తనూ ఎదురుగా కూర్చుంది. “పాటలన్నీ నా శృతికి మార్చల్లన్నా. నువ్వు నోరు మూసుకుని వాయిస్తే కుదర్దు. కింది స్థాయిలో నా యెంట పాడల్ల.”

సమీక్ష వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

పులివెందుల జనం యేసుబాబు పాటకే వచ్చారు. వరమ్మ మైకు ముందుకు రాగానే వెనకనుంచి ఎవరో ఆయన పేరు పిలిచారు. యేసుబాబు తల అడ్డంగా ఊపి తీగ మీటాడు. మొదటి చరణం కొంచెం వణికింది. రెండోదానికి బాషా దరువు పెంచాడు, వరమ్మ గొంతు విప్పింది. కాలనీ నుంచి వచ్చిన ఆడవాళ్లు పల్లవి అందుకున్నారు. యేసుబాబు కింది స్థాయిలో వాళ్లతో కలిశాడు. ఊపిరి ఎక్కడా తెగలేదు.

కచేరీ అయ్యాక సామాన్లు సర్దుతుంటే వరమ్మ, తమ ఊళ్లో నాట్లప్పుడు పాడుకున్న పాటలు ఇంకా ఉన్నాయని, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని అంది. బాషా సంచిలో పెట్టిన డప్పును మళ్లీ బయటికి తీశాడు.